నల్లమల కనుమ చెప్పిన మాట

నంద్యాల నుండి కంభానికి మేము మోటారు సైకిలు మీద వెళ్తామని తెలిసి బంధువులు నవ్వుతారు. రైలు ఉన్నది, బస్సు ఉన్నది. యాభై దాటిన వయసులో, అడవి దారిలో, ఇరవై ఏళ్లు దాటిన ఈ బండి ఎందుకని వారి ప్రశ్న. కంభంలో మా పెద్ద ఆపా ఉన్నారు. రెండు మూడు నెలలకొకసారి వారిని చూసి రావడం మాకు అలవాటు. ఈ దారిని మేము ప్రేమిస్తాము. అంతకు మించి మా వద్ద జవాబు లేదు.

నంద్యాల దాటిన తరువాత గాజులపల్లె వరకు నేల చదునుగా ఉంటుంది. ఆ పైన నల్లమల మొదలవుతుంది. పచ్చర్ల మీదుగా రోడ్డు మలుపులు తిరుగుతూ ఎక్కుతుంది. వెదురు పొదలు, టేకు చెట్లు, రాళ్ల మీద కూర్చొని బాటసారుల చేతులు గమనించే కోతులు. అడవిలో ఎక్కడో రైలు కూత వినబడుతుంది గాని రైలు కనబడదు. దిగువమెట్ట దాటి దిగితే గిద్దలూరు. మొత్తం సుమారు 60 కిలోమీటర్లు.

ఈ కనుమలో ఒక నిట్టెక్కుడు మలుపు ఉన్నది. బండి కొత్తగా ఉన్న రోజులలో దానిని మూడవ గేరులోనే ఎక్కేవారము. కొన్నేళ్ల తరువాత మలుపు మధ్యలో రెండవ గేరుకు దిగవలసి వచ్చింది. నిరుడు మలుపు రాకముందే దిగాము. మొన్నటి ప్రయాణంలో మొదటి గేరులో, లారీల వెనుక, పొగ మింగుతూ ఎక్కాము. ఆశ్చర్యమేమిటంటే, నంద్యాల వీధులలో ఈ లోపం మాకు ఎన్నడూ తెలియలేదు. బలం ఒక్కరోజున పోతే మనిషి ఉలిక్కిపడతాడు. కొంచెం కొంచెంగా పోతే చేయి తనంతట తానే యాక్సిలేటరు మరికొంత తిప్పుకుంటుంది. మనసు దానినే మామూలు అనుకుంటుంది. చదును నేల దాచిన సంగతిని కనుమ బయటపెట్టింది.

అంతకు ముందు మేము ఊరకున్నామని కాదు. మా ఊరిలో మూడుసార్లు కార్బొరేటరు శుభ్రం చేయించాము, రెండుసార్లు ప్లగ్గు మార్పించాము. చివరకు ఇంజను విప్పి బోరు చేయించాలన్నారు. మదరసా జీతంలో అది చిన్న మాట కాదు. బండిని పాత ఇనుముకు అమ్మివేద్దామన్న ఆలోచన కూడా వచ్చింది.

గిద్దలూరులో బండి ఆపింది రోడ్డు పక్కనున్న చిన్న షెడ్డు ముందు. కళ్లద్దాలు పెట్టుకున్న ఒక యువకుడు లేచి వచ్చి, "అస్సలాము అలైకుమ్ హజ్రత్! నన్ను గుర్తుపట్టలేదా?" అన్నాడు. గుర్తుపట్టలేదు. తన పేరు చెప్పిన తరువాత పోల్చుకున్నాము. పన్నెండేళ్ల క్రితం మా తరగతిలో చివరి వరుసలో కూర్చున్న పిల్లవాడు. అల్లరి లేదు, ప్రశ్న లేదు. మొదటి ఏడాది బాగా చదివాడు, తరువాత వెనుకబడ్డాడు, మూడవ ఏడాది మానివేశాడు. తెలివి అంతవరకేనని అప్పుడు మేము అనుకున్నాము. ఆయన తండ్రితో కూడా అదే మాట అన్నాము.

అతడు వెంటనే పనిముట్లు పట్టలేదు. ఎప్పటి నుండి, ఏ గేరులో, ఎండలోనా చల్లదనంలోనా, పొగ రంగు ఏమిటని అడిగాడు. ఒకసారి నడిపి వచ్చాడు. "ఇంజను అరుస్తూ బండి ముందుకు పోకపోతే క్లచ్ ప్లేట్లు జారుతున్నట్టు. మీది అరవడమూ లేదు, పోవడమూ లేదు" అన్నాడు. స్టాండు వేసి వెనుక చక్రం తిప్పాడు. రెండు చుట్లకే ఆగింది. బ్రేకు కొంత పట్టి ఉన్నది, వదులు చేశాడు. ఎయిర్ ఫిల్టరు తీసి చూపాడు. నల్లరేగడి దుమ్ముతో మూసుకుపోయి ఉన్నది. ప్లగ్గు మొన పొడి మసితో నల్లగా ఉన్నది. గాలి తగ్గి పెట్రోలు ఎక్కువ మండితే మొన అలా అవుతుందట. సరైన ఇంజనులో లేత గోధుమ రంగులో ఉంటుందట.

"ఇవి సగం మాత్రమే హజ్రత్" అంటూ ప్లగ్గు రంధ్రానికి కంప్రెషన్ గేజి బిగించి కిక్కు కొట్టాడు. ముల్లు ఎక్కవలసినంత ఎక్కలేదు. ఆ రంధ్రంలో ఒక చెంచా ఇంజను ఆయిలు పోసి మళ్లీ కొట్టాడు. పిస్టను రింగులు అరిగి ఉంటే ఆయిలు ఆ సందును కాసేపు మూసి ముల్లు పైకి పోవాలి. ముల్లు దాదాపు కదలలేదు. "రింగులు బాగానే ఉన్నాయి. బోరు అవసరం లేదు. వాల్వులు సరిగా మూసుకోవడం లేదు. ట్యాపెట్లు చూడాలి. కాని అవి ఇంజను చల్లారితేనే చూడాలి."

చల్లారడానికి కొన్ని గంటలు. జుహర్ నమాజు చేసుకొని వచ్చాము. అతడు టీ తెప్పించాడు.

తరువాత మూత విప్పాడు. వాల్వుకూ దానిని నొక్కే భాగానికీ మధ్య సన్నని సందు ఉండాలి. వాల్వు కూర్చునే చోటు ఏళ్ల తరబడి అరిగితే ఆ సందు తగ్గిపోతుంది. ఇంజను వేడెక్కి లోహం సాగినప్పుడు వాల్వు పూర్తిగా మూసుకోదు, మంట బలం పక్కకు కారిపోతుంది. అలాగే వదిలేస్తే వాల్వు అంచే కాలిపోతుంది. పొగ వాల్వు వద్ద ఫీలర్ గేజి రేకు అసలు దూరలేదు.

"మా బండి ఇటీవల ఎంత నిశ్శబ్దంగా ఉన్నదోనని సంతోషించాము కదా!" అన్నాము.

"ట్యాపెట్లు కొంచెం టిక్‌టిక్‌మనాలి హజ్రత్. బొత్తిగా మాట్లాడకపోతేనే భయపడాలి."

ఆ మాట అతడు బండి గురించే అన్నాడు. మేము అడగకుండా ఉండలేకపోయాము. "బేటా, నీవు చదువు ఎందుకు మానివేశావు?"

అతడు నట్టు బిగిస్తూనే చెప్పాడు. "బోర్డు మీది అక్షరాలు కనబడేవి కావు హజ్రత్. మొదట్లో కొంచెం మసక. తరువాత ఎక్కువైంది. అందరికీ అలాగే కనబడుతుందనుకున్నాను. ఇక్కడ పనిలో చేరిన తరువాత, బోర్డులు చదవలేకపోతున్నానని మా ఉస్తాదు డాక్టరు వద్దకు తీసుకెళ్లారు."

ఆ కళ్లద్దాల వైపు చూడలేకపోయాము. మూడేళ్లు మా ఎదుట కూర్చున్న పిల్లవాడిని ఒక్కసారైనా ముందు వరుసకు పిలవలేదు. ఏది చదవగలవు, ఏది చదవలేవు అని అడగలేదు. చివరి మాట మాత్రం తండ్రికి ముందే చెప్పివేశాము. "మమ్మల్ని క్షమించు" అన్నాము. అతడు కంగారుపడి, నూనె చేతులు తుడుచుకుంటూ, "అంత మాట అనకండి హజ్రత్, కిక్కు కొట్టి చూడండి" అన్నాడు. కిక్కు గట్టిగా తగిలింది. మొదటి దెబ్బకే ఇంజను అందుకున్నది, సన్నగా టిక్‌టిక్‌మంటూ.

గిద్దలూరు నుండి కంభం సుమారు 30 కిలోమీటర్లు. సాయంత్రానికి చెరువు గట్టు చేరాము. రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డంగా విజయనగర కాలంలో కట్టిన కట్ట అది. గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని ప్రతీతి. 2020లో దీనికి ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు లభించింది. ఇన్ని శతాబ్దాలు నిలిచిన కట్టనూ ఎవరో ఒకరు ఏటా నడిచి చూసి ఉంటారు, ఎక్కడ చెమ్మ, ఎక్కడ పగులు అని. ఆపాకు బండి కథ చెప్పాము. పిల్లవాడి కథ చెప్పడానికి రాత్రి భోజనాల దాకా పట్టింది.

మరునాడు తిరుగు ప్రయాణంలో కనుమను మూడవ గేరులో ఎక్కాము. ఒక్క మలుపులో మాత్రం రెండుకు దిగాము. వయసు వయసే కదా.

నంద్యాల చేరిన తరువాతి ఉదయం బోర్డు మీద ఒక వాక్యం రాసి, చివరి వరుస పిల్లలను ఒక్కొక్కరినే లేపి కూర్చున్న చోటి నుండే చదవమన్నాము. ఇద్దరు కళ్లు చికిలించారు. ఒకడు పక్కవాని పలకలోకి తొంగిచూశాడు. ముగ్గురినీ ఆ వారమే కంటి డాక్టరు వద్దకు తీసుకెళ్లాము.