కొత్త తొట్టి, పాత రాళ్లు
మా తమ్ముడి ఉప్పునీటి అక్వేరియం చేపలకి ఇరుకైపోయింది. జుమా నమాజు కాగానే పెద్ద తొట్టిలోకి మార్చే పని పెట్టుకున్నాం. ముందురోజే ఉప్పు కలిపిన నీళ్లు తయార్. సాంద్రత 1.025, వేడి 26 డిగ్రీలు, రెండు తొట్లలోనూ బరాబర్.

కానీ చేపల జాన్ కాపాడేది కొత్త అద్దాలు కాదు, పాత రాళ్లు. వాటిని పట్టుకుని బతికే కంటికి కనబడని బాక్టీరియానే, చేపల మలినంలోంచి పుట్టే అమ్మోనియా జహర్‌ని నైట్రేట్‌గా మారుస్తుంది. అందుకే రాళ్లని ఆరనీకుండా నీళ్లలోనే ఉంచి మార్చాం. పాత ఇసుక మాత్రం తేలేదు. అడుగున పేరుకున్న గలీజు లేచిందంటే ఖతర్నాక్.

అంతా చూస్తూ కూర్చున్న అమ్మీ అంది: "వచ్చే నెల నన్నూ కొత్త ఫ్లాటుకి మారుస్తారు కదా బేటా. నా తఖ్తు, నా పాన్‌దాన్ ఇక్కడే వదిలేసి రమ్మంటారా?"

తమ్ముడు జవాబివ్వలేదు. మర్నాడు టేపు తెచ్చి తఖ్తు కొలతలు తీసుకున్నాడు.