నిజాంపట్నం రేవులో నా స్పేస్‌షిప్

శనివారం రాత్రయితే మా ఫ్రెండ్స్ గ్యాంగ్ అయిదుగురం వీడియో కాల్‌లో కూర్చుని ‘ట్రావెలర్’ ఆడతాం. 1977లో అమెరికాలో వచ్చిన రోల్‌ప్లేయింగ్ గేమ్ అది. కాగితం, పాచికలు, కాస్త ఊహ ఉంటే చాలు. ఓ స్టార్‌షిప్ గీసుకుని, అందులో మనుషుల్లా మాట్లాడుతూ కథ నడపాలి. షిప్ గీసే డ్యూటీ నాది. ఎనిమిది మందికి ఎనిమిది గదులు, ఒక జిమ్, ఒక కాఫీ లాంజ్ గీశా.

“ఇది షిప్పా, మాదాపూర్ కో-లివింగ్ హాస్టలా?” అన్నాడొకడు.

గేమ్ రూల్స్‌లో లైఫ్ సపోర్ట్ అంటే రెండు వారాలకు గదికి 2,000 క్రెడిట్లు కట్టడమే. గాలి, నీళ్లు వాటంతటవే వచ్చేస్తాయి. నిజంగా ఎలా ఉంటుందో తెలిసిన మనిషి ఎవరా అని ఆలోచిస్తే నాన్న స్నేహితుడు గుర్తొచ్చాడు. నిజాంపట్నం హార్బరులో మరబోటు సరంగు. ఎక్కితే పది, పన్నెండు రోజులు సముద్రంలోనే.

మే నెలలో సెలవు పెట్టి తెనాలి వచ్చా. పొద్దున్నే ప్యాసింజర్ ఎక్కితే వేమూరు, భట్టిప్రోలు దాటి రేపల్లె. అక్కడితో పట్టాలు అయిపోతాయి. అక్కణ్నుంచి రోడ్డు మీద నిజాంపట్నం.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్లకు వేట నిషేధం. అందుకే బోట్లన్నీ రేవులోనే కట్టేసి ఉన్నాయి. ఒకచోట రంగులు వేస్తున్నారు, ఇంకోచోట వలలు బాగుచేస్తున్నారు. బాబాయ్ నన్ను బోటెక్కించాడు. ముందు చిన్న క్యాబిన్, కింద ఇంజన్, ఐసుతో చేపలు నింపే గది, వెనకాల గ్యాస్ స్టవ్, నీళ్ల డ్రమ్ములు. అంతే.

“ఎనిమిది మంది ఎక్కడ పడుకుంటారు బాబాయ్?”

“అందరూ ఒకేసారి పడుకుంటే బోటెవడు చూస్తాడు అబ్బాయ్? నలుగురు పడుకుంటే నలుగురు పనిలో ఉంటారు.”

ముందు అయిపోయేది డీజిలే అనుకున్నా. కాదట, ఐసట. అది కరిగిపోతే పట్టిన చేపంతా వృథా. స్నానం సముద్రం నీళ్లతోనే, ఆఖర్న ఒక్క చెంబు మంచినీళ్లు.

ఫోన్‌లో నా డ్రాయింగ్ చూపించా. జూమ్ చేసి చాలాసేపు చూశాడు.

“మరి జొరమొచ్చినోడు ఎక్కడ పడుకుంటాడు?”

నా దగ్గర సమాధానం లేదు. కిందటేడు బయల్దేరిన మూడో రోజున ఓ కుర్ర కళాసీకి జ్వరం, విరేచనాలు పట్టుకున్నాయట. నీడా, గాలీ రెండూ ఉన్న చోటు క్యాబిన్ ఒక్కటే. స్టీరింగ్ పక్కనే పడుకోబెట్టారు. వాడికి తాగించడానికి, కడగడానికి మంచినీళ్లు మామూలుకంటే వేగంగా అయిపోయాయి. బోటు వెనక్కి తిప్పేశారు.

“డీజిల్ ఖర్చు కూడా రాలా. మనిషైతే దక్కాడు” అన్నాడు బాబాయ్, డ్రమ్ము మూత బిగిస్తూ.

కర్లపాలెం మీదుగా బాపట్ల వెళ్తూ ఫోన్‌లో లెక్కలేశా. మనిషికి రోజుకు సుమారు 0.84 కిలోల ఆక్సిజన్ కావాలి. ఎనిమిది మందికి 14 రోజులకు 94 కిలోలు. వదిలే కార్బన్ డయాక్సైడ్ అంతకంటే ఎక్కువే. మూసేసిన గదిలో ఆక్సిజన్ అయిపోకముందే అది ప్రాణం మీదకు తెస్తుంది. పైగా బరువు లేని చోట వేడిగాలి పైకి లేవదు. ఫ్యాన్ ఆగితే పడుకున్నవాడు వదిలిన ఊపిరి వాడి మొహం చుట్టూనే పేరుకుంటుంది. నీళ్ల సంగతికొస్తే, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో మూత్రం, చెమట, ఊపిరిలోని తేమ నుంచి 98 శాతం నీటిని తిరిగి రాబట్టే స్థాయికి 2023లో చేరారు. బాబాయ్ చెంబు లెక్కకు అది పెద్దన్న.

గుంటూరు జిల్లా మూలాలున్న శిరీష బండ్ల 2021లో వెళ్లొచ్చిన ప్రయాణానికి సీటుంటే సరిపోయింది. మా షిప్‌కి అలా కుదరదు. ట్రావెలర్‌లో ఒక్కసారి జంప్ చేశామంటే వారం దాకా బయటికి రాలేం. బాబాయ్‌లా మధ్యలో వెనక్కి తిప్పే వీల్లేదు. జ్వరమొచ్చినవాణ్ని ఆ వారమంతా షిప్పే కాపాడాలి.

సాయంత్రం సూర్యలంక బీచ్‌లో కూర్చుని మళ్లీ గీశా. జిమ్ తీసేశా, లాంజ్ తీసేశా. ఎనిమిది గదులు నాలుగయ్యాయి, షిఫ్టుల్లో పడుకోవాల్సిందే. మిగిలిన చోటులో వేరే ఫ్యాన్, వేరే ఫిల్టర్, వేరే నీళ్ల ట్యాంకుతో ఒక జ్వరం గది. వాట్సాప్‌లో బాబాయ్‌కి పంపా.

రాత్రి తెనాలి చేరేసరికి వాయిస్ మెసేజ్ వచ్చింది.

“బానే ఉంది అబ్బాయ్. మరి పొయ్యేదీ?”