గొంతు గ్రంథులు – మేము నేర్చుకొన్న లెక్క

"కొండనాలుకకు మందు వేసిన ఉన్న నాలుక ఊడినది" యను సామెతను మేము చిన్ననాటినుండి వినుచున్నాము. తరగతిలో ననేక పర్యాయములు వాడియు నున్నాము. కాని దాని యర్థము మాకు పుస్తకమువలన గాక ఇద్దఱు పిల్లల గొంతులవలన దెలిసినది. ఒకడు మా పాఠశాల విద్యార్థి. రెండవది మా కుమార్తె. ఏటేట పాఠశాల తెఱచిన దినములలో "మాస్టారుగారూ, మా పిల్లవానికి టాన్సిల్సు వాచినవి, తీయించవలెనా?" యని తల్లిదండ్రులు మమ్మడుగుచుందురు. మేము వైద్యులము గాము, గణితము చెప్పుకొనువారము. అయినను మా కండ్లయెదుట జరిగినదానిని, అందు మేము చేసిన తప్పులతో గూడ, ఈ సంచికలో వ్రాయుట మా విధి యని తలంచితిమి.

విద్యార్థులారా! అద్దము నెదుట నోరు తెఱచి చూచుకొనుడు. నడుమ వ్రేలాడు చిన్నకండ కొండనాలుక. దాని కిరుప్రక్కల, నాలుక మొదట, రేగుపండ్లవలె గానవచ్చునవి టాన్సిల్సు. ముక్కునకు వెనుక, అద్దమున కందనిచోట, అడినాయిడ్సు అను మఱియొక గ్రంథి కలదు. ఇవి గొంతు చుట్టును వలయమువలె నమరియున్నవని జర్మనీ దేశపు శరీరశాస్త్రజ్ఞుడు వాల్డెయర్ 1884 లో వర్ణించెను. నేటికిని దానిని వాల్డెయర్ వలయ మందురు. నోటను ముక్కునను లోనికి వచ్చు సూక్ష్మజీవులను మొదట నెదుర్కొను కావలివాండ్రివి. బాల్యమున పెద్దవిగానుండి, యౌవనము వచ్చునప్పటికి సాధారణముగా కుంచించుకొనిపోవును. కావున పిల్లల గొంతులో నవి పెద్దవిగా గనబడుట మాత్రమే వ్యాధి గాదు.

కొన్ని సంవత్సరముల క్రిందట మా యాఱవ తరగతిలో నొక బాలుడుండెను. ఎల్లప్పుడు నోరు తెఱచుకొనియుండును. మాట ముక్కుతో వచ్చును. మొదటి గంట గడువకమునుపే తల బల్లపై వాల్చును. మేము వానిని సోమరి యని నిశ్చయించితిమి. బెంచీపై నిలువబెట్టితిమి. ఒకనాడు "కుంభకర్ణుడా" యని పిలిచితిమి. తరగతి యంతయు నవ్వెను. నాటినుండి తోడిపిల్లలకు వాని పేరదియే యయ్యెను. మందబుద్ధి యని తలంచుటకు ముందు పిల్లవాని చూపును వినికిడిని పరీక్షింపవలెనని శిక్షణ కళాశాలలో మేము చదివియుంటిమి. పరీక్షలో వ్రాసి మార్కులు నందితిమి. కాని వాని నిద్రనుగూర్చి విచారింపవలెనని మాకు దోచలేదు.

ఒక సాయంకాలము వాని నాయనమ్మ పాఠశాలకు వచ్చెను. చేతులు జోడించి, "అయ్యగారూ, వాడిని కొట్టవద్దు. వాడు రాత్రులు నిద్రపోడయ్యా. గుఱకపెట్టును, నడుమ నూపిరి ఆగును. నేను లేచి కూర్చుండి వీపు తట్టితినా మరల పీల్చును. తెల్లవార్లు ఇదే పని" యనెను. మేము మాట రాక నిలుచుంటిమి. గుఱకపెట్టువాడు హాయిగా నిద్రించుచున్నాడని లోకము తలంచును. మేమును అట్లే తలంచితిమి. ఆ ముసలమ్మకు తెలిసినది మాకు దెలియదయ్యెను.

మఱునాడే వారిని వెంటబెట్టుకొని చెవి ముక్కు గొంతు వైద్యునియొద్దకు పోతిమి. టాన్సిల్సును అడినాయిడ్సును గాలిదారిని మూయుచున్నవనియు, నిద్రలో శ్వాస యాగుట నిజమైన ప్రమాదమనియు, రెంటిని దీయవలెననియు నాయన పరీక్షించి చెప్పెను. శస్త్రచికిత్స దినమున నాయనమ్మయు మేమును బయట బల్లపై గూర్చుంటిమి. ప్రార్థన చేయబోతిమి గాని, "కుంభకర్ణుడా" యన్న మా మాటయే మా చెవులలో మ్రోగెను. మత్తు ఇచ్చి నోటిద్వారముననే గ్రంథులను దీసిరి. మెడపై కోత లేదు.

ఆ తరువాతి దినములే కష్టము. మ్రింగిన నొప్పి, నొప్పియని నీరు త్రాగడు, త్రాగనిచో గొంతెండి నొప్పి హెచ్చును. నాయనమ్మ చల్లార్చిన జావను, పలుచని మజ్జిగను చెంచాతో బోసెను. కారమును, గట్టి పదార్థములను దరి జేరనీయలేదు. గొంతులో తెల్లని పొర గనబడగా చీము పట్టినదని యిరుగుపొరుగువారు భయపెట్టిరి. అది మానుచున్న గాయపు పొరయే యనియు, అయిదవ దినము మొదలు పదవ దినమువఱకు నా పొర యూడు సమయమున నెత్తురు రావచ్చుననియు, ఎఱ్ఱని నెత్తురు కొంచెము గనబడినను తక్షణమే యాసుపత్రికి రావలెననియు వైద్యుడు ముందే చెప్పియుండెను. ఆస్పిరిన్ ఈయవద్దనెను. కొడీన్ కలిసిన మందు కొందఱు పిల్లలకు ఊపిరి నణచుననియు, ఈ శస్త్రచికిత్స తరువాత పిల్లల కది యీయరాదని 2013 లో అమెరికా ఔషధ శాఖ తీవ్రముగా హెచ్చరించెననియు గూడ దెలిపెను. దేవుని దయవలన నెత్తురు రాలేదు.

నెల తిరుగకమున్నే నాయనమ్మ రాత్రులు నిద్రపోసాగెను. బాలుడు తరగతిలో మేల్కొనియుండెను. మొదటి మార్కు వచ్చినదని చెప్పము, రాలేదు. 2013 లో అమెరికాలో 464 మంది పిల్లలపై ప్రకటితమైన యొక పరిశోధనలోను, శస్త్రచికిత్సవలన నిద్రయు నడవడియు బాగుపడినవి గాని, అవధానశక్తి పరీక్షలలో చెప్పుకొనదగు భేదము గనబడలేదు. వేచియున్న పిల్లలలో సగమునకు కొంచెము తక్కువమందికి ఏడు నెలలలో నిద్రపరీక్ష దానంతట నదియే సరియయ్యెను. కావున గుఱక యన్నంతనే కత్తి గాదు, పరీక్ష కావలెను.

మేము తరగతి యెదుట వానిని క్షమాపణ వేడితిమి. వాడు తలవంచుకొని, "ఇక బెంచీమీద నిలుచుండనక్కఱలేదాండీ?" యని మాత్ర మడిగెను.

ఒక తప్పు తెలిసినవాడు రెండవవైపునకు బడుట సహజము. మఱుసటి వర్షాకాలమున మా కుమార్తెకు గొంతునొప్పియు జ్వరమును వచ్చెను. "మనము ఆలస్యము చేయరాదు" అని మా యింటివారితో జెప్పి, అదే వైద్యునియొద్దకు తీసికొనిపోయి, "టాన్సిల్సు తీసివేయుడు" అంటిమి. ఆయన "రాత్రి గుఱక కలదా? శ్వాస ఆగునా?" యనెను. లేదంటిమి. "గొంతునొప్పి ఎన్ని మారులు వచ్చినది?" అనెను. "చాల మారులు" అంటిమి. ఆయన నవ్వి, "మాస్టారూ, మీరు లెక్కలు చెప్పువారు. చాల అనునది సంఖ్య యగునా?" యనెను. మేము సిగ్గుపడితిమి.

పిట్స్‌బర్గు నగరమున పారడైజ్ అను పిల్లల వైద్యుడు తోడివారితో గూడి 1984 లో ప్రకటించిన కొలత నాయన వివరించెను: జ్వరము, మెడగ్రంథుల వాపు మున్నగు గుర్తులతో గూడిన గొంతునొప్పి యొక సంవత్సరమున 7 మారులు, లేదా వరుసగా రెండేండ్లు ఏటికి 5 మారులు, లేదా మూడేండ్లు ఏటికి 3 మారులు వచ్చినప్పుడే యీ విషయమున శస్త్రచికిత్స నాలోచింపవలెను. మే మొక నోటుపుస్తకము కుట్టి తేదీలు వ్రాసితిమి. ఆ యేడు మూడు. మఱుసటి యేడు ఒకటి. టాన్సిల్సు దాని గొంతుననే యున్నవి, గొంతునొప్పియే లేదు. ఒకమారు స్ట్రెప్టొకాకస్ సూక్ష్మజీవి యున్నదని తేలగా, జ్వరము తగ్గినను మందును చివరి దినమువఱకు వాడితిమి. సగములో మానినచో కీళ్లవాతజ్వరము వచ్చి గుండె కవాటములు చెడు ప్రమాదము కలదు.

ఈ తొందరపాటు మాదొక్కరిదే గాదని తరువాత చదివి యెఱిగితిమి. 1934 లో న్యూయార్కు నగరమున పదునొకండేండ్ల బడిపిల్లలు 1000 మందిని పరీక్షించిరి. 611 మందికి టాన్సిల్సు అప్పటికే తీసివేయబడియుండెను. మిగిలిన 389 మందిని చూచి వైద్యులు 174 మందికి తీయవలెననిరి. వద్దన్న 215 మందిని వేఱు వైద్యులకు చూపగా, వారు 99 మందికి తీయవలెననిరి. మిగిలిన 116 మందిని మరల వేఱువారికి చూపగా, 51 మందికి తీయవలెననిరి. చివరకు మిగిలినవారు 65 మంది! మూడు మారులును సగమునకు కొంచెము తక్కువ. వైద్యులు గొంతులను గాక తమ యలవాటును చూచుచుండిరన్నమాట. ఈ లెక్కను మేము నల్లబల్లపై వ్రాసి చూపగా పిల్లలే యాశ్చర్యపడిరి.

ఆలోచింపగా మా రెండు తప్పులకును మూల మొక్కటియే. ఆ బాలుని చూడకయే శిక్షించితిమి. కుమార్తెను లెక్కింపకయే కోయింపబోతిమి.

కావున తల్లిదండ్రులకు మా విన్నపము: పిల్లల గొంతునొప్పులను తేదీలతో వ్రాసియుంచుడు, రాత్రి యొక గడియ వారి శ్వాసను వినుడు, ఆ రెంటితో వైద్యునియొద్దకు పొండు. ఆయన తీయవలెనన్న భయపడి వాయిదా వేయకుడు, వద్దన్న బలవంతపెట్టకుడు. విద్యార్థులారా, నోరు తెఱచుకొని నిద్రించు తోడివానికి పేరు పెట్టకుడు. ఆ పేరు మొదట పెట్టినవారము మేమే గాన, ఆ భారమెట్టిదో మే మెఱుగుదుము.

ఆ బాలుడిప్పుడు తొమ్మిదవ తరగతిలో నున్నాడు. తరగతిలో నెవరైన తల వాల్చినచో మేము బెంచీని చూపము. దగ్గఱకు పోయి, "నాయనా, రాత్రి నిద్ర పట్టినదా?" యని యడుగుదుము.