ఎవల మీద ఒర్రాలె?

సంపాదకుడు అడిగింది గేమింగ్ పరిశ్రమ మీద కథనం. హైదరాబాద్‌లో గేమ్ డెవలపర్ల సదస్సులు జరుగుతున్నాయి, ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ లాంటి పెద్ద సంస్థ ఇక్కడ ఆఫీసు పెట్టుకుంది, వెళ్లి చూసి రాయమన్నారు. చూడాల్సిన చోట్ల జాబితా కూడా ఇచ్చారు. నేను మాత్రం కృష్ణానగర్ సందులో, టిఫిన్ సెంటర్ పైన ఉన్న ఒక డబ్బింగ్ స్టూడియో దగ్గరే ఆగిపోయాను. అద్దానికి అవతల ఒకమ్మాయి ఫోన్‌లో ఆడే ఒక విదేశీ ఆటకి తెలుగు గొంతు ఇస్తోంది.

జనగామ వైపు పిల్ల. డిగ్రీ ఆఖరి సంవత్సరం. బూత్‌లోకి వెళ్లేముందు చెప్పులు విప్పింది, గాజులు తీసి బ్యాగులో వేసింది, చున్నీ కుర్చీ మీద పెట్టింది. మైకు ముందు ఏది కదిలినా వినిపిస్తుంది. తలుపు మూయగానే ఇంజనీర్ లోపలి ఏసీ ఆపేశాడు. కాసేపటికే ఆమె నుదురు తడిసింది.

సినిమా డబ్బింగ్ చాలాసార్లు చూశాను. ఎదురుగా తెర ఉంటుంది, తెర మీద నటి పెదవులు కదులుతుంటాయి, వాటిని పట్టుకుని మాట వెళ్తుంది. ఇక్కడ తెర లేదు. ఒక ట్యాబ్, అందులో ఎక్సెల్ పట్టిక. ఒక గడిలో ఫైలు పేరు, పక్కన ఇంగ్లీషు వాక్యం, దాని పక్కన తెలుగు, ఆ తర్వాత మూల రికార్డింగ్ నిడివి. తెలుగు మాట ఆ నిడివి దాటకూడదు. చివరి గడి సందర్భానిది: ఎవరు, ఎవరితో, ఎక్కడ, ఎందుకు మాట్లాడుతున్నారో రాయాల్సిన చోటు. నేను చూసినంత మేరకు ఆ గడి ఖాళీగానే ఉంది. ఆట పేరు కూడా ఆమెకు చెప్పలేదు. ఏదో సంకేత నామం ఒకటి ఇచ్చారంతే.

నా కళ్లు ఆమె చేతుల మీదే నిలిచిపోయాయి. చిన్న దెబ్బ తగిలినట్టు అనాలంటే రెండు వేళ్లతో పక్కటెముకల కింద పొడుచుకుంటుంది. పెద్ద దెబ్బకు పిడికిలి కడుపులో అదిమి, ఊపిరి ఒక్కసారిగా వదిలేస్తుంది. గోడ ఎక్కుతున్న శబ్దానికి స్క్రిప్టు స్టాండును రెండు చేతులా పట్టుకుని కిందికి నొక్కుతుంది, భుజాలు బిగుసుకుంటాయి, ఆ బిగువు గొంతులోకి వస్తుంది. ఎత్తు నుంచి పడిపోయే కేకకు ముందు అరడుగు వెనక్కి జరిగి, మొహం కాస్త పక్కకు తిప్పుతుంది. లేకపోతే శబ్దం పగులుతుంది. ఇవన్నీ ఎవరు నేర్పారని అడిగాను. ఎవరూ నేర్పలేదట. యూట్యూబ్‌లో చూసి, హాస్టల్ టెర్రస్ మీద రాత్రిపూట సాధన చేసిందట. నోట్లో తడి చప్పుళ్లు రాకుండా పుల్లటి ఆకుపచ్చ యాపిల్ ముక్క నమలడం కూడా అలాగే తెలిసింది.

దెబ్బలు, పడటాలు, కాలడం, మునగడం, విషం ఎక్కడం. ప్రతిదానికీ కొన్ని రకాలు ఇవ్వాలి. ఆట ఆడేవాడికి ఒకే కేక పదేపదే వినిపిస్తే విసుగు పుడుతుందని యంత్రం వాటిలోంచి ఒకసారి ఒకటి, ఇంకోసారి ఇంకోటి తీసుకుంటుంది. అందుకని ఆమె వరసగా, విడివిడిగా, మధ్యలో నిశ్శబ్దం వదులుతూ చనిపోవాలి. వాటి తర్వాత ఒక వాక్యం వచ్చింది. చదివి ఆగిపోయింది.

"అన్నా, గీ లైను ఎవల మీద ఒర్రాలె? దోస్తు సచ్చిపోయిండా, దుష్మన్ ఎదురొచ్చిండా?"

ఇంజనీర్ పట్టిక అటూ ఇటూ జరిపి చూశాడు. "అండ్ల ఏం రాయలే చెల్లె. గట్టిగ ఒర్రు, సాలు."

ఆమె అరిచింది. బాగానే అరిచింది. రెండో టేకులో కోపం తగ్గించి భయం కలిపింది, మూడోదానిలో ఏడుపు తెచ్చింది, మూడూ పంపండి, వాళ్లే ఏరుకుంటారంది. నాకు ఆ క్షణం నుంచి మొదలైన చిరాకు ఇది రాస్తున్నప్పటికీ తగ్గలేదు. ఎవరి కోసం ఏడుస్తోందో చెప్పకుండా ఒక నటిని ఏడవమనడం పద్ధతి కాదు. ఆ గడి నింపడానికి మూల రచయితకు పట్టేది ఒక నిమిషం.

ఇంకో సంగతి ఇంకా బాధపెట్టింది. ఓపిగ్గా చేసేచోట గుసగుసలు, మామూలు మాటలు ముందు తీసుకుని, అరుపులు ఆఖరికి ఉంచుతారు. అరుపుల తర్వాత గొంతులో ఏమీ మిగలదు కదా. ఈ పట్టిక ఫైలు పేర్ల అక్షర క్రమంలో ఉంది. కేకల పేర్లు ముందు అక్షరాలతో మొదలయ్యాయి కాబట్టి కేకలే ముందు వచ్చాయి. మధ్యాహ్నానికి, గాయపడ్డ తమ్ముడి చెవిలో మెల్లగా ధైర్యం చెప్పే మాటలు వచ్చేసరికి ఆమె గొంతు బొంగురుపోయింది. గోరువెచ్చని నీళ్లు తాగి మళ్లీ నిలబడింది. వరస మార్చమని అడగొచ్చని ఆమెకు తెలియదు. ఇంజనీర్‌కు తోచలేదు. అతనికి సాయంత్రానికి ఫైళ్లు పంపాలి.

గొంతు కండరమే. దానికీ అలసట ఉంటుంది, గాయం ఉంటుంది, స్వరతంతువుల మీద బొడిపెలు లేస్తాయి. అమెరికాలో గేమ్ నటులు 2016 అక్టోబరులో సమ్మెకు దిగినప్పుడు అడిగినవాటిలో ఇదీ ఒకటి: గొంతు చించుకునే పనిని ఒక విడతలో రెండు గంటలకు మించనీయకండి. ఏ ఆటలో ఏ పాత్ర చేస్తున్నామో ముందే చెప్పండి అన్నది ఇంకోటి. దాదాపు ఏడాది సాగింది ఆ సమ్మె. వాళ్లకు సాగ్-ఆఫ్ట్రా అనే సంఘం ఉంది. ఈ అమ్మాయికి ఉన్నది ఇంజనీరన్న ఒక్కడే.

మన దగ్గర ఈ విద్య లేకపోలేదు. రాజశేఖర్‌కు సాయికుమార్ ఇచ్చిన గొంతు, 'అరుంధతి'లో పశుపతికి రవిశంకర్ ఇచ్చిన గొంతు తెలుగువాళ్లకు ముఖాలంత గుర్తు. నంది అవార్డుల్లో డబ్బింగ్ కళాకారులకు విడిగా బహుమతి ఉండేది. కానీ సాయికుమార్, రవిశంకర్ ఇద్దరూ పి.జె. శర్మగారి కొడుకులు. నాటకమూ డబ్బింగూ తెలిసిన తండ్రి ఉన్న ఇల్లు అది. అలాంటి ఇల్లు లేనివాళ్లకు ఒకప్పుడు ఆకాశవాణి ఉండేది. 1948లో విజయవాడ కేంద్రం మొదలైన దగ్గర్నుంచి కొన్ని దశాబ్దాలపాటు రేడియో నాటకం తెలుగు గొంతుకు బడి. ఆడిషన్ పెట్టి, గ్రేడు ఇచ్చి, పెద్ద నటుల పక్కన నిలబెట్టేవారు. తెర లేకుండా మాటతోనే మనిషిని, చోటును, వానను చూపించడం అక్కడ పని. వీడియో గేమ్‌కు కావాల్సింది సరిగ్గా ఆ విద్యే! ఆ రికార్డింగులు విని, ఆ నటుల్లో మిగిలినవాళ్లను పిలిచి, మన నాటక శాఖలు ఒక కోర్సు నడపడానికి అడ్డేమిటో నాకు అర్థం కాదు. ఊరికో పిల్లవాడు ఫోన్ పట్టుకుని ఆటలో మునిగి ఉంటున్న కాలం. పెద్ద ఆటల్లో తెలుగు మాట్లాడేవి ఎన్ని? పుణెలో తయారై 2020లో వచ్చిన 'రాజీ' అనే ఆటకు తర్వాత హిందీ గొంతులు చేర్చారు. మన పిల్లలు తమ భాషలో ఒక కథలో నడవాలంటే ఇలాంటి అమ్మాయిలు కావాలి, వాళ్ల గొంతులు ముప్పై ఏళ్లపాటు నిలవాలి.

సాయంత్రం స్టూడియో ఇన్‌చార్జి ఒక కాగితం తెచ్చాడు. అంతా ఇంగ్లీషు. "అక్కా, జర సదివి చెప్పవా" అని నా చేతికిచ్చింది. రికార్డు చేసినదంతా కంపెనీదే, ఇప్పుడున్న, ఇకముందు రాబోయే ఏ సాంకేతికతలోనైనా వాడుకోవచ్చు అని ఉంది. పేరు వేస్తామని ఎక్కడా లేదు.

నేను తెలిసింది చెప్పాను. మన కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ ప్రదర్శకులకు తమ పేరు చెప్పమని అడిగే హక్కు ఇచ్చింది. 38బి సెక్షన్ అది. 2024 జూలైలో బొంబాయి హైకోర్టు, గాయకుడు అరిజిత్ సింగ్ గొంతును కృత్రిమ మేధతో అనుకరించడాన్ని ఆపింది. అదే నెలలో అమెరికా గేమ్ నటులు మళ్లీ సమ్మె మొదలుపెట్టారు, ఈసారి యంత్రం తమ గొంతును నేర్చుకోవడం గురించి. అరిజిత్ సింగ్‌కు పేరుంది, కోర్టుకు వెళ్లాడు. పని మొదలుపెట్టిన ఏడాదే ఇలాంటి కాగితం మీద సంతకం పెట్టిన అమ్మాయి గొంతు, ఆమెకు పేరొచ్చే నాటికి ఎవరి చేతుల్లో ఉంటుంది?

ఆమె ఇన్‌చార్జి వైపు తిరిగింది. "సార్, మెషిన్‌కు నేర్పెతందుకు నా గొంతు వాడం అని ఒక్క లైను రాసియ్యుండ్రి."

ఆయన మంచివాడే. అది తన చేతిలో లేదని, క్లయింటును అడగాలని, కాగితం లేకపోతే రేపటి సెషన్ కష్టమని అన్నాడు. ఆమె సరే అనలేదు, కాదనలేదు. గాజులు వేసుకుంటూ కాగితానికి ఫొటో తీసి, హాస్టల్లో తన గదిలోనే ఉండి లా చదువుతున్న స్నేహితురాలికి పంపింది. రేపు ముందు గుసగుసలు తీద్దాం అన్నా అని ఇంజనీర్‌తో చెప్పింది. అతను పట్టిక తెరిచి వరసలు మార్చడం మొదలుపెట్టాడు.