గచ్చు కింద తడి

మా బాబాయి ఎపాక్సీ ఫ్లోరింగ్ కాంట్రాక్టులు చేస్తాడని చెప్తే ఫ్రెండ్స్ అందరూ అడిగేది ఒకటే: "అంటే నేలకి పెయింటా?" బాబాయికి ఆ మాటంటే చిరాకు. "పెయింటు చివర్లో రా. ముందు చేసే పని ఎవడికి కనబడుద్ది?" అంటాడు.

మందుల ఫ్యాక్టరీల్లో మామూలు గచ్చు పనికిరాదు. కాంక్రీటు ఎంత గట్టిగా కనిపించినా సన్నటి దుమ్ము రాలుస్తూనే ఉంటుంది, నూనె ఒలికితే పీల్చేసుకుంటుంది. టైల్స్ వేస్తే అతుకుల్లో మురికి చేరుతుంది. అందుకే అతుకు లేకుండా ఎపాక్సీ పోస్తారు. మందం రెండు మూడు మిల్లీమీటర్లు, అంతే. గోడ దగ్గర కూడా మూల రాకుండా గుండ్రంగా పైకి తిప్పుతారు.

ఆ రెండు మిల్లీమీటర్లు దేన్ని పట్టుకుని నిలబడాలి? కాంక్రీటు పోసినప్పుడు నీళ్లతో పాటు సిమెంటు, సన్నటి ఇసుక పైకి తేలి బలహీనమైన పొరలా ఆరతాయి. దాని మీదే కోటింగ్ వేస్తే కోటింగ్ ఆ పొరని బాగానే పట్టుకుంటుంది, కానీ పొరే కింద నుంచి లేచిపోతుంది. అందుకే డైమండ్ గ్రైండర్‌తో, పెద్ద నేలైతే ఉక్కు గుళ్లతో కొట్టే షాట్ బ్లాస్టింగ్ మిషన్‌తో దాన్ని తీసేస్తారు. చేత్తో తడిమితే శాండ్‌పేపర్‌లా గరుగ్గా తగలాలి.

ఆ దుమ్ములో సిలికా ఉంటుంది. ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్. అది తగ్గే జబ్బు కాదు. గ్రైండర్‌కి వాక్యూమ్ ఉండాలి, మనిషికి సరైన మాస్క్ ఉండాలి. పోయిన వేసవిలో నేను చూసిన ఒక సైటులో వేరే కాంట్రాక్టరు మనుషులు ముఖానికి తువ్వాలు చుట్టుకుని, వాక్యూమ్ లేకుండానే గ్రైండింగ్ చేస్తున్నారు. అంత సన్నటి దుమ్ముని తువ్వాలు ఆపదు. వాళ్లలో ఒకతనిది నా వయసే ఉంటుంది. కనురెప్పలు తెల్లగా ఉన్నాయి.

బాబాయి ఎక్కువగా గొడవపడేది మాత్రం తడి గురించి. కొత్త కాంక్రీటుకి కనీసం 28 రోజులు ఇవ్వమంటారు. అప్పటికీ లోపల నీళ్లు ఆరాయని గ్యారంటీ లేదు. పైన ఎపాక్సీతో మూసేస్తే ఆ ఆవిరికి దారుండదు, కోటింగ్ బుడగలు లేస్తుంది. టెస్టు చాలా సింపుల్: 18 అంగుళాల ప్లాస్టిక్ షీటు నేల మీద పరిచి నాలుగు వైపులా టేపు వేసి, కనీసం 16 గంటలు వదిలేయాలి. కింద నీటి చుక్కలు పట్టినా, కాంక్రీటు రంగు ముదిరినా ఆగాల్సిందే. మా కోడ్ అయితే రాత్రికి రాత్రి ప్యాచ్ పెట్టొచ్చు. ఊడిన ఫ్లోరుకి మళ్లీ మొదటి నుంచి గ్రైండింగే.

ఈ ఏడాది ఒక కంపెనీ కొత్త షెడ్డులో ఫ్లోరు పోసి 20 రోజులే అయింది. ఇన్‌స్పెక్షన్ తేదీ ముంచుకొస్తోంది. షీటు కింద చుక్కలు చూసి బాబాయి ఇంకో మూడు వారాలు అడిగాడు. "పైన పొడిగానే ఉంది కదండీ" అని మేనేజరు పని ఇంకొకరికి ఇచ్చేశాడు.

చెల్లి ఇంటర్ ఫీజు ఆ డబ్బుతోనే కట్టాలనుకున్నారు. "అందరూ వేస్తున్నారుగా, మీకొక్కరికేనా రూల్స్?" అని పిన్ని వారం రోజులు సరిగ్గా మాట్లాడలేదు. నేను అడిగితే బాబాయి, "గ్యారంటీ కాగితం మీద సంతకం నాది రా" అని ఊరుకున్నాడు.

ఆ ఫ్లోరు ఇప్పుడెలా ఉందో మాకు తెలీదు. బాబాయి కనుక్కోడు. పిన్ని మాత్రం ఆ రూట్లో బస్సెక్కినప్పుడల్లా ఆ గేటు వైపు చూస్తుంది, బయట నుంచి ఏమీ కనబడదని తెలిసినా.