గోపింగెన్‌లో మొసలి బేరం

స్టుట్‌గార్ట్ నుంచి ఉల్మ్ వైపు వెళ్లే ప్యాసింజర్ ముప్పావు గంటలో గోపింగెన్‌లో దించేసింది. ఫిల్స్ అనే చిన్న నది పక్కన ఉన్న ఈ ఊళ్లో కోటలూ రాజమందిరాలూ చూద్దామని వచ్చేవాళ్లు తక్కువ. బొమ్మ రైళ్ల పిచ్చి ఉన్నవాళ్లకు మాత్రం ఇదే పుణ్యక్షేత్రం. మెర్క్లిన్ కంపెనీ పుట్టిందీ, ఇప్పటికీ ఉన్నదీ ఇక్కడే. జర్మనీలో ఉద్యోగం చేసుకుంటున్న మా చెల్లెలి భర్త సెలవు పెట్టి మరీ నాకు తోడొచ్చాడు. "రైలెక్కి రైలు బొమ్మ కొనడానికి వెళ్తున్నాం. ఊళ్లో చెప్తే నవ్వుతారు బావా" అని దారి పొడుగునా ఆటపట్టించాడు.

నాకు కావలసింది ఒకే ఒక్క ఇంజను. స్విట్జర్లాండ్ రైల్వే వాళ్ల 'మొసలి'. రెండు వైపులా పొడుగాటి మూతులు, నడుమ డ్రైవరు గది, ఒళ్లంతా ఆకుపచ్చ. దీని మీద మోజు నాకు ఢిల్లీలో పట్టుకుంది. చాణక్యపురి రైలు మ్యూజియంలో 'సర్ లెస్లీ విల్సన్' అనే పాత కరెంటు ఇంజను ఉంది. బొంబాయి, పుణేల మధ్య ఘాట్లు ఎక్కడానికి గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే 1928 నుంచి తెప్పించుకున్న రకం అది. అక్కడివాళ్లు దాన్ని ఖేకడా, ఎండ్రకాయ, అనేవారు. ఆ రకంలో కొన్ని ఇంజన్లు స్విట్జర్లాండ్‌లోని వింటర్‌తూర్ కర్మాగారంలో తయారయ్యాయి. ఆ కర్మాగారమే అంతకు ముందు, 1919–22 మధ్య, తమ దేశంలోని గోథార్డ్ కొండదారి కోసం 33 మొసళ్లను చేసిపెట్టింది. ఎండ్రకాయ నమూనా నాకు ఎక్కడా దొరకలేదు. పోనీ, దాని అన్నగారైనా ఇంటికొస్తే చాలనుకున్నాను.

ఆ ఆకారం అందం కోసం వచ్చింది కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో దిగుమతి బొగ్గు కరువై స్విస్ రైళ్లు నానా అవస్థ పడ్డాయి. నేలలో బొగ్గు లేదు, కొండల మీద నీళ్లకు కొదవ లేదు. జలవిద్యుత్తుతోనే రైళ్లు నడుపుదామని గట్టిగా పూనుకున్నారు. గోథార్డ్ దారిలో వెయ్యి మీటర్లు వెళ్లేసరికి దాదాపు 26 మీటర్ల ఎత్తు ఎక్కాలి. పైగా అడుగడుగునా మలుపులు. అంత బరువు లాగే ఇంజను పొడుగ్గా ఉండక తప్పదు, పొడుగ్గా ఉంటే మలుపు తిరగదు. అందుకని దాన్ని మూడు ముక్కలు చేసి కీళ్లతో కలిపారు. మోటార్లు మూతుల్లో, ట్రాన్స్‌ఫార్మరు నడుములో. మోటార్ల బలాన్ని ఉక్కు కడ్డీలు చక్రాలకు అందిస్తాయి. ఆ కడ్డీలు తిరుగుతుంటే చూడాలన్నదే నా కోరికంతా.

ముందు కంపెనీ మ్యూజియంలోకి వెళ్లాం. గాజు అల్మారాల్లో రేకు రైళ్లు బారులు తీరి ఉన్నాయి. అసలు మెర్క్లిన్ మొదలైంది రైళ్లతో కాదు. 1859లో ఒక రేకుపని ఆయన ఆడపిల్లలు బొమ్మరింట్లో వంటాట ఆడుకునే గిన్నెలూ పొయ్యిలూ చేసి అమ్మేవాడు. 1866లో ఆయన పోయాక భార్య కరోలిన్ ఊరూరా తిరిగి సరుకు అమ్ముతూ వ్యాపారాన్ని నిలబెట్టింది. బొమ్మరిల్లు ఒకసారి కొంటే చాలదు, ఏటా ఒక గిన్నె, ఒక కుర్చీ చేరుతూనే ఉండాలి. కొడుకులు ఈ కిటుకునే రైళ్లకు పట్టించారు. 1891లో లైప్‌జిగ్ సంతలో కీ ఇచ్చి తిప్పే రైలును, ముక్కలుగా అతికించుకునే పట్టాలను, వాటి కొలతల వరుసనూ ప్రదర్శించారు. ఈ ఏడు ఇంజను, పై ఏడు రెండు పెట్టెలు, ఆ పై ఏడు స్టేషను. నా జేబు ఖాళీ కావడానికి పునాది అక్కడ పడింది.

1935లో బల్ల మీద పట్టేంత చిన్న రైలు వచ్చింది. అదే కొలతలో మొసలి 1947లో వచ్చింది. అసలు ఇంజను 19 మీటర్ల పైచిలుకు. 87వ వంతుకు తగ్గిస్తే దాదాపు 22 సెంటీమీటర్లు. యూరప్ పట్టాల మధ్య దూరం 1435 మిల్లీమీటర్లు కాబట్టి బొమ్మ పట్టాల మధ్య 16.5 సరిగ్గా సరిపోతుంది. మన బ్రాడ్‌గేజ్ 1676. న్యాయంగా 19కి పైన ఉండాలి. మన దేశపు ఇంజన్ల నమూనాలు చేసేవాళ్లు చాలామంది దొరికిన 16.5 పట్టాలతోనే సర్దుకుంటారు. ఇక కంపెనీ సంగతికొస్తే, సరిగ్గా 150వ ఏట, 2009లో, మెర్క్లిన్ దివాలా తీసింది. 2013లో మరో బొమ్మల కంపెనీ కుటుంబం కొనుక్కుని నిలబెట్టింది.

మ్యూజియం దుకాణంలో కొత్త మొసళ్లు ఉన్నాయి. చప్పుళ్లు, లైట్లు, లోపల చిప్పు. నా మనసు మాత్రం పాతదాని మీదే ఉంది. ఊళ్లోనే ఒక సందులో పాత రైళ్లు కొని, బాగుచేసి అమ్మే చిన్న దుకాణం ఉంటే అక్కడికి వెళ్లాం. యజమానికి డెబ్బై దాటి ఉంటాయి. బల్ల మీద లైటు, భూతద్దం, సన్నని స్క్రూడ్రైవర్లు. విషయం వినగానే రెండు మొసళ్లు తీసి ముందు పెట్టాడు. ఒకటి అసలు డబ్బాలో, గీత కూడా పడకుండా ఉంది. రెండోదానికి డబ్బా లేదు, మూతి అంచుల్లో రంగు లేచిపోయింది. మొదటిదాని ధర రెండోదానికి రెట్టింపు.

"రెండూ నడిపి చూపిస్తారా?" అన్నాను.

డబ్బాలోది పట్టా మీద పెట్టి కరెంటు ఇచ్చాడు. గుర్రుమంది గానీ కదల్లేదు. "ఎవరో దాచుకున్నారు. ఆడుకోలేదు. లోపలి నూనె గడ్డకట్టి బంకైపోయింది" అన్నాడు. రెండోది పెట్టాడు. కడ్డీలు ఒక్కటొక్కటిగా లేస్తూ దిగుతూ, మలుపులో మూడు ముక్కలూ మూడు దిక్కులకు తిరుగుతూ బల్లంతా చుట్టివచ్చింది. ట్రాన్స్‌ఫార్మరు నాబ్‌ని సున్నా దాటించి ఎడమకు తిప్పాడు. 24 వోల్టుల దెబ్బకు లోపల దిక్కు మార్చే రిలే టక్కుమంది. మొసలి వెనక్కి నడిచింది.

తర్వాత అడక్కుండానే పై తొడుగు విప్పాడు. చేతిలో పెడితే ముద్ద జింకు, రాయిలా ఉంది. మోటారు పక్కన రెండు బ్రష్షులు కనిపించాయి. ఒకటి బొగ్గుది. రెండోది సన్నని రాగి జాలీని చుట్టి చేసినది. అరిగిన బొగ్గు బ్రష్షు తీసి కొత్తది వేశాడు. దూదిపుల్లతో మసి తుడిచి, సూది మొనతో ఇరుసుకు ఒక్క చుక్క నూనె పెట్టాడు. "ఎక్కువైతే బ్రష్షుల మీదికి పాకుతుంది" అని హెచ్చరించాడు. అడుగున పొడుగాటి రేకు పట్టీని వేలితో నొక్కి చూపించాడు. పట్టాల నడుమ వరసగా ఉండే చిన్న మొలల మీద జారుతూ కరెంటు తీసుకునేది అదే. రెండు పట్టాలూ కలిసి రెండో తీగగా పనిచేస్తాయి కాబట్టి రైలు చుట్టు తిరిగి తన దారిలోకే వచ్చినా షార్ట్ సర్క్యూట్ కాదు.

ధర 280 యూరోలు. బావ ఫోన్లో లెక్క కట్టి, "పాతిక వేలు దాటింది బావా. ఊళ్లో సెకండ్‌హ్యాండ్ టీవీఎస్ వస్తుంది" అన్నాడు. "అదైనా నడిచేదే కొంటాం కదా" అన్నాను. కాస్త బేరమాడితే ధర తగ్గలేదు గానీ, రెండు జతల బ్రష్షులు, చక్రాలకు తొడిగే రబ్బరు రింగులు కొసరుగా వచ్చాయి. పాత ట్రాన్స్‌ఫార్మరు కూడా ఇమ్మంటే వద్దన్నాడు. అది 220 వోల్టులకు చేసింది. ఇప్పుడు సరఫరా అంతకు మించి ఉంటే, దిక్కు మార్చేటప్పుడు 24 కంటే ఎక్కువే కొట్టి కాయిలు కాలుతుందన్నాడు. మన ఊళ్ల కరెంటు సంగతి ఆయనకు చెప్పాక, కొత్తదే కొనుక్కోమని మరీ గట్టిగా చెప్పాడు.

డబ్బా చెక్కు చెదరని సరుకుకే సేకరణల్లో మర్యాద ఎక్కువ. అల్మారాలో పెట్టుకునేవాళ్లకు అది సబబే. నడుపుకోవాలనుకునేవాళ్లు మాత్రం పాత ఇంజను కొనేముందు మూడు పనులు చేయించుకోవాలి. పట్టా మీద రెండు దిక్కులా నడిపించమనాలి. తొడుగు విప్పించి బ్రష్షులూ చక్రాలూ చూడాలి. దాని విడిభాగాలు ఇంకా దొరుకుతున్నాయో లేదో అడగాలి. విప్పనని అమ్మేవాడు మొండికేస్తే, ఎంత ముచ్చటైన ఇంజనైనా అక్కడే వదిలేసి రావడం మేలు.