నా కాలి కొలత

షాబాద్ అనగానే చాలామంది బండల గురించి అడుగుతారు. ఇళ్లలో పరిచే ఆ బండల షాహాబాద్ కర్ణాటకలో, కలబురగి జిల్లాలో ఉంది. నేను చెప్పేది రంగారెడ్డి జిల్లా షాబాద్ గురించి. రెండేళ్లుగా షాబాద్, చేవెళ్ల, మొయినాబాద్ మండలాల ఊళ్లలో తిరుగుతూ కూలిపనులకు వెళ్లే ఆడవాళ్ల దగ్గర నాట్ల పాటలూ కలుపు పాటలూ రికార్డు చేసుకుంటున్నాను. పీహెచ్‌డీ పూర్తయ్యాక చేపట్టిన పని ఇది.

2023 డిసెంబరు 9న తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ప్రయాణం ఉచితమైంది. షాబాద్ దాకా రావడం సులువే. కష్టమంతా బస్సు దిగాకే. ఊరికి ఇంకో మూడు నాలుగు కిలోమీటర్లుంటుంది. ఆటో నిండేదాకా కూర్చోవాలి, లేదంటే ఎవరి బండి వెనకో ఎక్కాలి. పాట మంచి ఊపులో ఉండగా "మేడమ్, ఆటో పోతది" అని కేక వినిపిస్తుంది. ఆడవాళ్లు మనసు విప్పి మాట్లాడేది పొద్దుగూకి, పొయ్యి మీద ఎసరు పెట్టాక. ఆ వేళకు నేను ఆ ఊళ్లో ఉండను. నా రికార్డుల్లోకి రాని మాటలెన్నో ఆ ఆఖరి ఆటోకి ముడిపడి ఉన్నాయి.

అందుకే సైకిలు కొనాలనుకున్నాను. షాబాద్‌లో మా పిన్ని వాళ్లింట్లో పెట్టుకుంటే, ఆలస్యమైన రోజు అక్కడే పడుకోవచ్చు. స్కూటీ కొనుక్కోవచ్చు కదా అని స్నేహితురాళ్లు అడిగారు. చెలకల మధ్య బాటల్లో, గట్ల మీద సైకిలే నయం. ఒర్రె అడ్డమొస్తే ఎత్తుకుని దాటొచ్చు. పెద్ద రోడ్డు మీద తొక్కే ఉద్దేశం నాకు మొదటినుంచీ లేదు. మర్రిచెట్ల నీడలో అందంగా కనిపించే ఆ హైదరాబాద్-బీజాపూర్ రోడ్డు మీదే, చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో, 2025 నవంబరు 3న కంకర టిప్పరు ఆర్టీసీ బస్సును ఢీకొని 19 మంది చనిపోయారు. నాకు కావలసింది మట్టిబాటల సైకిలు, అంటే మౌంటెన్ బైక్.

నగరంలో ఒక దుకాణానికి వెళ్లాను. "లేడీస్ మోడల్స్ ఇటు ఉన్నయి మేడమ్" అన్నాడు అబ్బాయి. గులాబీరంగు, ముందు బుట్ట, సన్నని టైర్లు. గేర్లున్న మౌంటెన్ బైక్ కావాలన్నాను. "అయితే ఇదే. అందరికీ సరిపోతది" అని పెద్దదొకటి చూపించాడు. దాని మీద కాళ్లు అటూ ఇటూ వేసి నిలబడితే పై గొట్టం ఒంటికి తగిలింది. మడమలు గాల్లో ఉన్నాయి. "సీటు దించుతా మేడమ్, ఏం కాదు" అన్నాడు.

ఆ 'అందరికీ' అన్న మాట నాతోపాటు ఇంటికొచ్చింది. కరోలిన్ క్రియాడో పెరెజ్ 2019లో రాసిన 'ఇన్విజిబుల్ విమెన్' నిండా ఈ 'అందరూ' ఎవరన్న ప్రశ్నే ఉంటుంది. కార్ల భద్రతా పరీక్షల్లో వాడే బొమ్మ మొదలుకొని చేతిలోని ఫోను దాకా, సగటు మనిషి అంటే సగటు మగవాడే. సైకిలు దుకాణంలోనూ అంతే. ఆడవాళ్లకు బుట్ట, 'అందరికీ' ఐదడుగుల ఎనిమిదంగుళాలవాడి సైకిలు. ఐదడుగుల ఒక అంగుళం ఉన్న నేను ఈ రెండిట్లో ఎక్కడా లేను.

అప్పుడు చదవడం మొదలుపెట్టాను. మొదట తేలిన విషయం, దుకాణాల్లో చెప్పే 26, 27.5, 29 అనే అంకెలు మనిషికి సంబంధించినవే కావు, చక్రానివి. మా తాతగారి నల్ల సైకిలును 22 సైజు అనేవారు. అది ఫ్రేము కొలత. పెడళ్లు తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు గొట్టం పై అంచు దాకా ఉన్న పొడవు. మన ఒంటికి సరిపోవాల్సింది ఇదే. ఒకే చక్రం సైజులో చిన్న ఫ్రేమూ ఉంటుంది, పెద్ద ఫ్రేమూ ఉంటుంది. చవక మోడళ్లు చాలావరకు ఒకే ఫ్రేము సైజులో వస్తాయి. 'అందరికీ సరిపోతది' అనేది అక్కడ పుట్టిన మాట.

ఫ్రేము సైజు తెలియాలంటే ముందు మన కాలి లోపలి పొడవు తెలియాలి. చెప్పుల్లేకుండా గోడకు వీపు ఆనించి నిలబడి, పాదాల మధ్య జానెడు ఎడం ఉంచి, ఒక గట్టి అట్ట పుస్తకాన్ని కాళ్ల మధ్య పైకంటా, సీటు మీద కూర్చుంటే ఎంత ఒత్తిడి ఉంటుందో అంతలా నొక్కి పట్టుకోవాలి. పుస్తకం పై అంచు నుంచి నేల దాకా టేపుతో కొలవాలి. నాకు 71 సెంటీమీటర్లు వచ్చింది. మౌంటెన్ బైక్‌కి ఆ సంఖ్యను 0.225తో హెచ్చవేస్తే ఫ్రేము సైజు అంగుళాల్లో సుమారుగా తెలుస్తుంది. నాది 16. దుకాణంలో చూపించింది 18.

రెండంగుళాలే కదా అనిపించవచ్చు. రాళ్లబాట మీద సైకిలు ఆగినప్పుడు గభాలున దిగి నిలబడాల్సి వస్తుంది. అప్పుడు పై గొట్టానికీ మన ఒంటికీ మధ్య కనీసం రెండంగుళాల ఖాళీ ఉండాలి. సీటు దించితే ఆ గొట్టం దిగదు. హ్యాండిలు దగ్గరకు రాదు. వంగి వంగి అందుకోవడంతో భుజాలూ మెడా నొప్పి పుడతాయి. పైగా సీటు మరీ కిందికుంటే మోకాళ్ల మీద భారం పడుతుంది. సీటు ఎంత ఎత్తులో ఉండాలో చెప్పే తేలిక పద్ధతి ఒకటుంది. పెడలు అట్టడుగున ఉన్నప్పుడు దాని మీద మడమ పెడితే కాలు నిటారుగా సాగాలి. మునివేళ్ల వెనక భాగంతో తొక్కేటప్పుడు మోకాలు కాస్త వంగి ఉంటుంది. అదే సరైన ఎత్తు. రెండు సైజుల మధ్య ఊగిసలాడేవాళ్లకు, ముఖ్యంగా కొత్తవాళ్లకు, చిన్నదే మేలు.

ఇంకొన్ని చిన్న విషయాలు. బ్రేకు మీటలు మన వేళ్లకు అందనంత దూరంగా ఉంటే, చాలా మీటల దగ్గర ఒక చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని తిప్పి దగ్గరకు తెచ్చుకోవచ్చు. సీటు వెడల్పు మన కూర్చునే ఎముకల మధ్య దూరాన్ని బట్టి ఉండాలి. ఆడవాళ్లకు సగటున ఆ దూరం ఎక్కువ. మొదటివారం తిమ్మిరీ ఒరుపూ వస్తే సిగ్గుపడి ఊరుకోకుండా సీటు మార్చుకోవాలి. వెనక సస్పెన్షను మన బాటలకు అక్కర్లేదు. బరువూ ఖర్చూ తప్ప లాభం లేదు. ముందుంటే చాలు. వానాకాలం నల్లరేగడి టైరుకూ ఫోర్కుకూ మధ్య ఇరుక్కుని చక్రాన్నే ఆపేస్తుంది, అక్కడ ఖాళీ ఎక్కువుండాలి. ఎండాకాలం తుమ్మముళ్లున్నాయి, పంచరు సామానూ గాలి పంపూ సంచిలో ఉండాల్సిందే.

కొలత తీసుకున్న రాత్రి నాకు ప్రబంధాలు గుర్తొచ్చాయి. ఎంఏ మొదలు పీహెచ్‌డీ దాకా అందులో ఆడవాళ్ల శరీరాన్ని తలనుంచి కాలిదాకా ఎన్నిసార్లు చదివానో! తొడలు అరటిబోదెలు, నడుము ఉందో లేదో తెలియనంత సన్నం. ఆ కాళ్లు ఎక్కడికైనా వెళ్తాయన్న ఊసు అరుదు. తర్వాత మనమూ కొలతలు చూసుకున్నాం, జాకెట్టుకు టైలరు తీసినవీ పెళ్లిసంబంధంలో అడిగే ఎత్తూ. ముప్పై ఆరేళ్ల వయసులో, నేను వెళ్లడం కోసం, నా కాలిని నేనే కొలుచుకోవడం అదే మొదటిసారి. ఆ సంఖ్యలో అందమూ లేదు, లోపమూ లేదు.

అయితే 'ఆడవాళ్ల సైకిలు' విడిగా కావాలా? ఈ చర్చ సైకిళ్ల లోకంలోనూ ఉంది. 1985లో అమెరికాలో జార్జీనా టెర్రీ తన సంస్థ పెట్టి, చిన్న ఒడ్డూ పొడుగూ ఉన్న స్త్రీలకోసం ముందు చక్రం చిన్నదిగా ఫ్రేములు తయారుచేసింది. తర్వాత పెద్ద కంపెనీలూ ఆడవాళ్లకు ప్రత్యేక నమూనాలు తెచ్చాయి. 2010ల చివరికి కొన్ని వాటిని మానేసి, ఫ్రేము అందరికీ ఒకటే, సైజులు మాత్రం చిన్నవాటి నుంచి పెద్దవాటి దాకా ఉండాలన్నాయి. భిన్నత్వమా సమానత్వమా అని స్త్రీవాదంలో మనం తెగని వాదన చేసుకున్న విషయమే ఇది. నా మటుకు నాకు రెండోదే నచ్చింది, ఒక షరతుతో. ఆ చిన్న సైజు కాగితం మీద కాదు, మన ఊరి దుకాణంలో ఉండాలి. నా 16 కోసం మూడు దుకాణాలు తిరిగి, నెల రోజులు ఆగాను.

ఎంపిక ఉండటమే ఒక సౌకర్యమని కూడా తెలుసు. 1990ల మొదట్లో తమిళనాడు పుదుక్కోట్టైలో అక్షరాస్యతా ఉద్యమంతోపాటు లక్షమందికి పైగా గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చుకున్నారని పి. సాయినాథ్ రాశారు. లేడీస్ సైకిళ్లు చాలినన్ని దొరక్కపోతే వాళ్లు మగవాళ్ల సైకిళ్లే కొన్నారు. ముందున్న గొట్టం మీద పిల్లను కూర్చోబెట్టుకోవచ్చు అన్నారట. సరిపోని వస్తువును తమకు సరిపెట్టుకున్న తెలివి వాళ్లది. కానీ ఎన్నాళ్లని మనమే సర్దుకోవాలి?

పోలీస్ అకాడమీ కూడలి, మొయినాబాద్ రోడ్డు మొదలయ్యే చోటు. అక్కడ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో సౌరఫలకాల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు బాట వేశారు. చల్లని నీడ. అక్కడినుంచి గంట ప్రయాణంలో, నేను పాటలకోసం వెళ్లే ఒక ఊళ్లో, తొమ్మిదో తరగతి పిల్ల వాళ్లన్న 22 సైజు సైకిలు మీద నాలుగు కిలోమీటర్ల దూరంలోని హైస్కూలుకు వెళ్తుంది. ఆగాలంటే రాయో గట్టో వెతుక్కోవాలి. రెండుసార్లు పడ్డాక, "పది అయినంక సాలు, రోజూ ఇట్ల పంపుడు మాతోని కాదు" అంటున్నాడు తండ్రి. పిల్లకు తొక్కడం రాదని ఆయన నమ్మకం.

పోయిన నెల ఆ పిల్లను వాళ్లింటి గోడకు నిలబెట్టి, తన తెలుగు వాచకంతోనే కొలిచాను. 68 సెంటీమీటర్లు. "నీది 15 సైజు. ఆ సైకిలు నీది కాదు కాబట్టే పడుతున్నవ్" అన్నాను. తండ్రి ఏమీ అనలేదు. తల్లి మాత్రం చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, "ఆ లెక్క ఏందో రాసియ్యి బిడ్డా, పత్తి పైసలొచ్చినంక దుకానంల చూపిస్త" అంది. పిల్ల నోటుబుక్కు వెనక పేజీలో రాసిచ్చాను. దాని కిందే వాళ్లమ్మ గోడకు ఆనుకుని నిలబడి, "నాది గూడ సూడరాదూ" అంది. ఆమెది 69.